చహల్‌ఖద్మీ: దిల్ మరీజ్‌ను మంచం దింపిన తారీఖ్

దిల్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషిని చూడడానికి వెళితే మన ఇళ్ళల్లో అందరి నోటా వినిపించేది ఒకటే మాట, "ఆరామ్ కరో". అమ్మీ అంటుంది, పక్కింటి చాచా అంటాడు, జెద్దా నుంచి ఫోన్ చేసిన కొడుకూ అదే అంటాడు. మరీజ్ మంచం మీంచి కాలు కింద పెట్టబోతే నలుగురు పరుగెత్తుకొస్తారు. నీళ్ళ గ్లాసు చేతికి కాదు, నోటికే అందుతుంది. మూడు నెలలు ఇల్లంతా గుసగుసగా మాట్లాడుకుంటుంది.

ఇదంతా ముహబ్బతే, కాదనను. తీమార్‌దారీ, అంటే రోగికి సేవ చేయడం, మన ఘరానాల్లో గర్వంగా చెప్పుకునే సంగతి. కానీ ఈ ముహబ్బత్ వెనక ఒక ఖౌఫ్ ఉంది. కదిలితే గుండెకు ఏమైనా అవుతుందేమో, కుట్లు తెగుతాయేమో అనే భయం. ఆ భయాన్ని మన అమ్మలూ ఖాలాలూ సొంతంగా పుట్టించుకోలేదు. గడిచిన శతాబ్దంలో దాదాపు నలభై ఏళ్ళు ప్రపంచంలోని పేరుమోసిన డాక్టర్లే ఆ భయాన్ని ఉసూల్‌గా పాటించారు. గుండె జబ్బు మనిషిని ఆరేసి వారాలు కదలనివ్వకుండా పడుకోబెట్టారు. ఆ పడకే ఎంతోమంది ప్రాణం తీసింది. తర్వాత డాక్టర్లు మారారు. కానీ వాళ్ళు మారిన ఖబర్ మన ఇళ్ళకు పూర్తిగా చేరలేదు. అందుకే ఈ తారీఖ్ చెప్పాలనిపించింది.

మంచానికి ముందు

మన బుజుర్గులు రాత్రి భోజనం తర్వాత కాసేపు నడిచేవాళ్ళు. దాన్ని చహల్‌ఖద్మీ అనేవాళ్ళు. ఫార్సీలో చెహల్ అంటే నలభై, ఖదమ్ అంటే అడుగు. నలభై అడుగులు వేయడం అన్నమాట. ఇప్పుడు ఉర్దూలో తీరిగ్గా నడిచే ఏ నడకకైనా అదే మాట వాడతాం. యునానీ తిబ్‌లో మనిషి సెహత్‌కి తప్పనిసరి అని చెప్పే ఆరు విషయాలున్నాయి. వాటిని అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండీ నీళ్ళూ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలిచేవీ బయటికి పోయేవీ, మనసు కదలికా దాని నెమ్మదీ. ఆ ఆరింటిలో ఒకటి హర్కత్-ఓ-సుకూన్-ఎ-బదనీ, అంటే ఒంటి కదలికా, ఒంటి విశ్రాంతీ. ఈ రెండింటినీ హకీములు విడివిడిగా రాయలేదు, జంటగా రాశారు. ఇబ్న్ సీనా తన అల్-ఖానూన్‌లో రియాజత్ గురించి, అంటే వ్యాయామం గురించి ప్రత్యేకంగా చర్చించాడు. అయితే ఆ హకీములకు ఈనాటి గుండెపోటు గురించి తెలుసని నేననడం లేదు. విశ్రాంతి ఒక్కటే ఇలాజ్ అని మాత్రం వాళ్ళు అనుకోలేదు.

ఇంగ్లండ్‌లోనూ కథ ఇలాగే మొదలైంది. నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టుండి, ఆగితే తగ్గిపోయే నొప్పిని విలియం హెబర్డెన్ అనే లండన్ డాక్టర్ 1772లో అచ్చయిన వ్యాసంలో వివరంగా రాశాడు. ఆంజైనా అనే పేరు ఆయన పెట్టిందే. ఆయన చనిపోయాక 1802లో వచ్చిన పుస్తకంలో ఒక చిన్న సంగతి ఉంది. ఆయనకు తెలిసిన ఒక మరీజ్ రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకున్నాడట. జబ్బు దాదాపు నయమైపోయిందట. గుండెకు కసరత్ ఫాయిదా చేస్తుందనే మాట ఆధునిక వైద్యంలో అప్పుడే కాగితం మీదికి వచ్చింది. అయినా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నలభై ఏళ్ళ పడక

1912లో చికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ గుండె రక్తనాళం హఠాత్తుగా మూసుకుపోతే ఏమవుతుందో రాశాడు. అంతకుముందు అలాంటి దెబ్బ తగిలితే మనిషి అక్కడికక్కడే పోతాడని అనుకునేవాళ్ళు. అందరూ పోరనీ, కొందరు బతుకుతారనీ హెరిక్ చూపించాడు. అంత పెద్ద దెబ్బ తిని బతికిన మనిషిని ఏం చేయాలి? మంచం మీద పూర్తి ఆరామ్ ఇవ్వాలన్నాడు. అప్పటికి చేతిలో వేరే ఇలాజ్ ఏదీ లేదు కూడా.

ఆ మాటకు 1939లో గట్టి దలీల్ దొరికింది. బోస్టన్‌లో పాల్ డడ్లీ వైట్, ఆయన సాటి డాక్టర్లు గుండెపోటుతో చనిపోయినవారి గుండెలను పరీక్షించారు. చిన్న గాయమైతే మానడానికి సుమారు అయిదు వారాలు, పెద్దదైతే రెండు నెలలు పడుతోందని లెక్క తేల్చారు. ఆ లెక్కలో తప్పు లేదు. కానీ దాన్నుంచి తీసిన అర్థం వేరు. విరిగిన హడ్డీకి కట్టు కడతాం, కదలకుండా ఉంచుతాం, అతుక్కుంటుంది. గుండెకు కట్టు కట్టలేం కాబట్టి మనిషి మొత్తాన్ని మంచానికి కట్టేద్దాం అన్నట్టుగా ఆలోచన సాగింది.

ఆ పడక ఎలా ఉండేదో ఊహించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు. తిండి నర్సు తినిపించాలి. గడ్డం ఇంకొకరు గీయాలి. పక్కకి తిరగడానికి కూడా ఇజాజత్ కావాలి. మలమూత్రాలు పడుకునే, బెడ్‌పాన్ మీద. వింతేమిటంటే, తర్వాత కొలిచి చూస్తే బెడ్‌పాన్ మీద పడే శ్రమ పక్కనే ఉన్న కమోడ్ కుర్చీలో కూర్చుంటే పడే శ్రమ కంటే ఎక్కువని తేలింది. గుండెకు శ్రమ తగ్గించాలని పెట్టిన దస్తూరే దానికి శ్రమ పెంచింది.

మనిషి కదలకపోతే ఒంట్లో ఏం జరుగుతుంది? మన పిక్క కండరం కాలికి రెండో గుండె లాంటిది. అడుగు వేసినప్పుడల్లా కాళ్ళలోని రక్తాన్ని పైకి పిండుతుంది. వారాల తరబడి అది పనిచేయకపోతే రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తికి చేరితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగాలు తెరుచుకోక న్యుమోనియా వస్తుంది. వీపు మీద పుండ్లు పడతాయి. ఎముకల్లోని కాల్షియం కరిగిపోతుంది. కండ కరుగుతుంది. మలబద్ధకం, ముక్కడం. అన్నిటికంటే ముందు మనసు కుంగిపోతుంది. నేను ఇక పనికిరాను అనుకుంటాడు మనిషి. ఇవన్నీ జరిగినప్పుడు డాక్టర్లు అది గుండె జబ్బు వల్లే అని రాసుకున్నారు. మంచం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

సర్జన్లలో కొందరికి ముందే అనుమానం వచ్చింది. 1899లోనే చికాగోలో ఎమిల్ రీస్ ఆపరేషన్ అయిన స్త్రీలను త్వరగా లేపి కూర్చోబెట్టాలన్నాడు. 1940ల్లో డెట్రాయిట్ సర్జన్ డేనియల్ లైథౌజర్ కడుపు ఆపరేషన్ అయినవాళ్ళను వెంటనే నడిపించమని పుస్తకమే రాశాడు. ఈ మాటకు బలమిచ్చింది యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలు చాలలేదు, నర్సులు చాలలేదు. తప్పనిసరై మరీజ్‌లను త్వరగా లేపారు. లేచినవాళ్ళు పడుకున్నవాళ్ళ కంటే బాగా కోలుకున్నారు. 1944లో అమెరికాలో విలియం డాక్, 1947లో లండన్‌లో రిచర్డ్ ఆషర్ మంచం చేసే నుక్సాన్ గురించి నేరుగా రాశారు. ఆషర్ అయితే ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కండరాలు, ఎముకలు, మూత్రాశయం, పేగులు, మనసు అంటూ పడక ఒక్కోదాన్ని ఎలా పాడుచేస్తుందో వరసగా చెప్పాడు. అయినా గుండె మరీజ్ జోలికి వెళ్ళడానికి ఎవరికీ హిమ్మత్ చాలలేదు.

ఒక కుర్చీ

ఆ హిమ్మత్ చేసింది బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్ డాక్టర్ శామ్యూల్ లెవీన్. గుండెపోటు వచ్చిన మనిషి నొప్పి ఎక్కడో చూపించమంటే పిడికిలి బిగించి ఛాతీ మీద పెడతాడే, దాన్ని ఇప్పటికీ వైద్య విద్యార్థులు లెవీన్ గుర్తు అంటారు. ఆయన దలీల్ చాలా సాదాగా ఉంది. పడుకుంటే కాళ్ళలోని రక్తమంతా గుండెకు చేరుతుంది, దానికి పని పెరుగుతుంది. కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చుంటే కొంత రక్తం కాళ్ళలోనే ఆగుతుంది, గుండెకు బరువు తగ్గుతుంది. అందుకని మరీజ్‌ను మంచం మీంచి ఎత్తి, మెత్తటి చేతుల కుర్చీలో కూర్చోబెట్టండి అన్నాడు. నడిపించమనలేదు, కసరత్ చేయించమనలేదు. కూర్చోబెట్టమన్నాడు, అంతే.

ఆ పని ఆయన శిష్యుడు బెర్నార్డ్ లౌన్ మీద పడింది. లౌన్ లిథువేనియాలో పుట్టి అమెరికాకు వచ్చిన యూదు కుటుంబపు కుర్రాడు. గుండె మరీజ్‌లను కుర్చీలో కూర్చోబెడుతుంటే హాస్పిటల్లోని జూనియర్ డాక్టర్లకు అది హత్యలా కనిపించింది. తాను వార్డులోకి వస్తే వాళ్ళు వరసగా నిలబడి హిట్లర్ సిపాయిల్లా సెల్యూట్ కొట్టేవాళ్ళని లౌన్ తర్వాత రాసుకున్నాడు. యూదు మనిషికి, అదీ యుద్ధం ముగిసిన కొద్దేళ్ళకే, ఆ ఎగతాళి ఎంత గుచ్చుకుని ఉంటుందో చెప్పనక్కర్లేదు. అయినా సబర్‌తో పని కొనసాగించాడు. వారాలు గడిచేకొద్దీ వార్డు మారిపోయింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ మొహాల్లో కళ వచ్చింది. నొప్పి మందులు, నిద్ర మందులు తక్కువ అడిగారు. ఇంటికెప్పుడు పంపిస్తారని అడగడం మొదలుపెట్టారు. ఎగతాళి చేసినవాళ్ళే తమ మరీజ్‌లను కూడా కుర్చీలో కూర్చోబెట్టసాగారు. 81 మంది మరీజ్‌ల తజుర్బాను లెవీన్, లౌన్ 1952లో అచ్చువేశారు. అక్కడితో హెరిక్ నాటి నలభై ఏళ్ళ పడకకు తొలి బీట పడింది.

ఈ లౌనే తర్వాత ఆగిపోతున్న గుండెను కరెంటు షాక్‌తో దారిలో పెట్టే డీసీ డిఫిబ్రిలేటర్‌ను తయారుచేశాడు. అణు యుద్ధానికి వ్యతిరేకంగా రష్యా డాక్టర్లతో కలిసి ఆయన మొదలుపెట్టిన సంస్థకు 1985లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

మూడేళ్ళకు ఇంకో సంఘటన జరిగింది. 1955 సెప్టెంబర్ 24న అమెరికా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కు డెన్వర్‌లో గుండెపోటు వచ్చింది. ఆయన్ని చూడడానికి పిలిపించింది ఎవరిని? 1939లో గాయం మానే లెక్క తేల్చిన పాల్ డడ్లీ వైట్‌నే. అప్పటికి వైట్ ఆలోచన చాలా మారింది. తానే సైకిల్ తొక్కుతూ, నడుస్తూ, గుండెకు కదలికే మంచిదని ఊరంతా చెబుతుండేవాడు. ప్రెసిడెంట్‌ను కొన్ని రోజులు పడుకోబెట్టాక కుర్చీలోకి తెచ్చారు, ఆ తర్వాత మెల్లగా నడిపించారు. నవంబర్ 11న ఆయన హాస్పిటల్ నుంచి బయటికొచ్చాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో నిలబడి మళ్ళీ గెలిచాడు. గుండెపోటు వచ్చిన మనిషి దేశం నడపగలిగితే దుకాణం నడపలేడా, పొలం చూసుకోలేడా? మామూలు జనం మనసులో ఆ సవాలు పుట్టింది.

బస్సు మెట్లూ, మూడు వారాల మంచమూ

ఇదే కాలంలో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ గుండెపోటు ఎవరికి ఎక్కువ వస్తోందో వెతుకుతున్నాడు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో ఇద్దరుంటారు. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ రోజంతా పైకీ కిందికీ మెట్లెక్కుతూ టికెట్లు కొడతాడు. ఒకే కంపెనీ, దాదాపు ఒకే జీతం, ఒకే తరహా బతుకు. హైదరాబాద్‌లో ఒకప్పుడు డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్ళకు ఆ కండక్టర్ అవస్థ బాగానే గుర్తుంటుంది. 1953లో అచ్చయిన మోరిస్ లెక్కల్లో కండక్టర్లకు గుండె జబ్బు డ్రైవర్ల కంటే తక్కువ వచ్చింది, వచ్చినా అంత తీవ్రంగా రాలేదు. మెట్లే కండక్టర్‌ను కాపాడాయని మోరిస్ అన్నాడు. డ్రైవర్ల నడుం కొలతలు మొదటినుంచీ పెద్దవేనని తర్వాత తేలింది, వాదనలూ నడిచాయి. అయినా కూర్చునే బతుకు గుండెకు చేటు అనే మాట తర్వాతి తహ్‌కీఖ్‌లలో నిలబడింది.

పడక బలాన్ని ఎంతగా తినేస్తుందో కొలిచింది మాత్రం 1966లో, డల్లాస్‌లో. సెహత్ బాగున్న అయిదుగురు కుర్రాళ్ళను, ఇరవై ఏళ్ళ వయసువాళ్ళను, మూడు వారాలు మంచం మీదే ఉంచారు. జబ్బేమీ లేదు. ఊరికే పడుకున్నారు. లేచాక కొలిస్తే వాళ్ళ శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. తర్వాత కసరత్ చేయిస్తే పోయింది తిరిగొచ్చింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే అయిదుగురిని మళ్ళీ కొలిచారు. యాభై ఏళ్ళ వయసులో వాళ్ళు పోగొట్టుకున్న తాఖత్, ఇరవై ఏళ్ళప్పుడు మూడు వారాల మంచం మీద పోగొట్టుకున్న దానికంటే తక్కువగా ఉంది. అంటే మూడు వారాల పడక ముప్ఫై ఏళ్ళ వయసు కంటే ఎక్కువ బలం లాగేసింది. ఇరవై ఏళ్ళ కుర్రాడికే అలా అయితే, అరవై ఏళ్ళ ఆపరేషన్ మరీజ్ సంగతేమిటో మనమే హిసాబ్ వేసుకోవచ్చు.

ఛాతీ తెరిచిన తర్వాత

అప్పటికి సర్జన్లు గుండె లోపలికే చేరుకున్నారు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను తయారుచేసిన హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో ఒక యువతి గుండెలోని రంధ్రం మూశాడు. 1967లో అర్జెంటీనా నుంచి వచ్చిన రెనే ఫావలోరో క్లీవ్‌లాండ్‌లో కాలి నరం తీసి గుండెకు బైపాస్ దారి వేశాడు. మన దగ్గర 1975లో మద్రాసు పెరంబూర్ రైల్వే హాస్పిటల్లో డాక్టర్ కె.ఎం. చెరియన్ బైపాస్ చేశారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అప్పటిదాకా పొలాలు అమ్ముకున్నవాళ్ళకే సాధ్యమైన గుండె ఆపరేషన్ తోపుడుబండి నడిపేవాళ్ళ ఇళ్ళల్లోకీ వచ్చింది.

బైపాస్‌లో ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి తెరుస్తారు. పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. నొప్పి వల్ల మరీజ్ లోతుగా సాంస్ తీసుకోడు, గట్టిగా దగ్గడు. ఊపిరితిత్తుల అడుగున గాలి చేరదు, కఫం పేరుకుంటుంది. నరం తీసిన కాలు వాస్తుంది. పాత కాలపు పడక చేసిన నష్టాలన్నీ ఇక్కడ మళ్ళీ ఎదురు చూస్తూ ఉంటాయి. అందుకే సర్జన్లు గుండెపోటు వార్డు నేర్పిన సబఖ్‌ను తెచ్చి ఆపరేషన్ వార్డులో పెట్టారు.

ఆ సబఖ్‌కు ఒక క్రమం ఇచ్చినవారిలో ముఖ్యురాలు అట్లాంటాలోని గ్రేడీ మెమోరియల్ హాస్పిటల్ డాక్టర్ నానెట్ వెంగర్. 1970ల మొదట్లో ఆమె, ఆమె సహచరులు గుండెపోటు మరీజ్ కోసం పద్నాలుగు మెట్ల పద్ధతి రాశారు. మంచం మీదే చేతులూ కాళ్ళూ ఆడించడంతో మొదలు. తర్వాత తానే తినడం, తానే మొహం కడుక్కోవడం, కుర్చీ, గదిలో నడక, వరండాలో నడక, చివరికి మెట్లెక్కడం. ఒక మెట్టు మీద నాడి, సాంస్ బాగుంటేనే తర్వాతి మెట్టు. ధైర్యంగా దూకడం లేదు, భయంగా పడుకోవడమూ లేదు. లెక్కగట్టి పెంచడం ఒక్కటే.

ఈనాడు బైపాస్ తర్వాత అంతా సవ్యంగా ఉంటే, మరుసటి రోజే మరీజ్‌ను కుర్చీలో కూర్చోబెడతారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో వార్డు వరండాలో నడక. ఇంటికి పంపే ముందు కొన్ని మెట్లు ఎక్కించి చూస్తారు. చేతికి మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పీల్చమంటారు. అది ఊపిరితిత్తుల అడుగులు తెరిచే పరికరం. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి హత్తుకోమంటారు. ఎముకకు ఆసరా దొరుకుతుంది, దగ్గంటే భయం పోతుంది.

ఈ కదలికకు దలీల్ ఎంత గట్టిది? గుండెపోటు తర్వాత కసరత్‌తో కూడిన పునరావాసంపై జరిగిన పరీక్షలన్నిటినీ 1988, 1989ల్లో కలిపి లెక్కగట్టినప్పుడు మరణాలు సుమారు 20 నుంచి 25 శాతం తగ్గాయని తేలింది. అప్పటినుంచి మందులూ మారాయి, స్టెంట్లూ వచ్చాయి, ఆ లెక్కలూ మారుతూ వచ్చాయి. మళ్ళీ గుండెపోటు రావడం, మళ్ళీ హాస్పిటల్లో చేరడం తగ్గుతాయనే మాట నేటికీ నిలిచే ఉంది. మన దేశంలోనే 24 హాస్పిటళ్ళలో 3,959 మంది గుండెపోటు మరీజ్‌ల మీద యోగా ఆధారంగా ఒక పరీక్ష జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు, మళ్ళీ గుండెపోట్ల లెక్కలో స్పష్టమైన తేడా కనిపించలేదు. కానీ యోగా చేసినవాళ్ళు తమ మామూలు పనుల్లోకి బాగా తిరిగి వెళ్ళగలిగారు, బతుకు బాగుందన్నారు. ఖరీదైన మెషీన్లు లేకుండా కూడా ఈ పని కొంత సాధ్యమే అని నాకు అందులో కనిపించింది.

మా ఇంట్లో రెండు ఆపరేషన్లు

మా ఖాలూకు బైపాస్ అయినప్పుడు వార్డులో ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ఒక చీటీ రాసిచ్చింది. రోజుకు నాలుగైదు సార్లు, అయిదేసి నిమిషాలు, సమతలంగా ఉన్న చోట. వారం వారం నిమిషాలు పెంచాలి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే నడక వేగం ఎక్కువైనట్టు. ఖాలూ ఆ చీటీని జేబులో పెట్టుకుని పొద్దున్నే గల్లీ చివరి దాకా వెళ్ళేవాడు. దారిలో దోస్తులు జతకలిసేవాళ్ళు. ఆరో వారానికి అరగంట నడిచాడు.

నాలుగేళ్ళ తర్వాత ఖాలాకు అదే ఆపరేషన్ అయింది. ఆమెకు ఎవరూ చీటీ ఇవ్వలేదు. మొదటి రెండు వారాలు ఆమెను మంచం దిగనివ్వలేదు. మూడో వారం దుల్హన్ పుట్టింటికి వెళ్ళగానే ఖాలా పిండి పిసకడం మొదలుపెట్టింది, నీళ్ళ బిందె ఎత్తింది. గల్లీలో నడుద్దామంటే "ఆడమనిషి, ఆపరేషన్ అయిన మనిషి, రోడ్డు మీద తిరగడమేమిటి" అన్నారు ఇంట్లో. ఒకే కప్పు కింద ఇద్దరు దిల్ మరీజ్‌లు. ఒకరికి నడక దక్కింది. ఇంకొకరికి ముందు పడక, తర్వాత వంటిల్లు దక్కాయి.

వంట చేయడం నడకకు బదులు కాదు. కోసిన ఛాతీ ఎముక గట్టిపడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి మూడు నెలల దాకా పడుతుంది. ఆ కాలంలో నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదంటారు. నిండు బిందె అంతకంటే ఎక్కువ. మనవణ్ణి ఎత్తుకోవడమూ అంతే. పిండి పిసకడంలో రెండు చేతుల మీదా ఒంటి బరువు పడుతుంది. సజ్దా నుంచి లేచేటప్పుడూ చేతుల మీదే భారం పడుతుంది కాబట్టి, ఎముక మానేదాకా నమాజ్ కుర్చీలో చదువుకోవడం నయం. మంచం మీంచి లేపేటప్పుడు రెక్కలు పట్టి లాగడం కూడా మనవాళ్ళు ముహబ్బత్‌తో చేసే పొరపాటు. పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి వేసి, తొడల బలంతో లేవనివ్వాలి. చేతులకు పర్హేజ్, కాళ్ళకు పని. ఆపరేషన్ తర్వాతి రోజుల ఉసూల్ ఇదే.

గుండె పునరావాసానికి స్త్రీలను పంపడం మగవాళ్ళ కంటే తక్కువని పెద్ద పెద్ద దేశాల లెక్కలే చెబుతున్నాయి. నానెట్ వెంగర్ తన జీవితంలో చాలా భాగం స్త్రీల గుండెను డాక్టర్లు పట్టించుకోవడం లేదని పోరాడడానికే ఖర్చుపెట్టింది. అమెరికాలోనే అలా ఉంటే మన మొహల్లాలో నడక ఎవరికి దక్కుతుందో వేరే చెప్పాలా? ఖాలా విషయంలో దారి చూపింది ఆమె నవాసీ. ఇంటర్ చదివే పిల్ల. డాబా మీద ఇటు గోడ నుంచి అటు గోడకు అడుగులు కొలిచింది, పద్దెనిమిది. తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ను తనే అడిగి ఎంత నడవాలో రాయించుకుంది. సాయంత్రం ఎండ తగ్గాక నానీని తీసుకుని డాబా మీద చుట్లు లెక్కపెట్టింది, కాపీలో రాసింది. మెట్లు మెల్లగా, ఒక్కో మెట్టు మీద ఆగుతూ.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఛాతీ మీద ఆ పొడవాటి కోతతో తిరిగొస్తే, డిశ్చార్జ్ చేసే డాక్టర్ను మందుల సంగతితో పాటు రెండు మాటలు అడగండి. రోజుకు ఎంత నడవాలి? ఎప్పుడు ఆగాలి? ప్రతి గుండె ఒకేలా ఉండదు. కొందరి గుండె బలం తక్కువగా ఉంటుంది, కొందరికి లయ తప్పుతుంది, కాబట్టి ఆయన చెప్పిన హద్దే హద్దు. నాడి చూసి అంచనా వేద్దామనుకుంటే, కొన్ని మందులు నాడి వేగాన్ని పెరగనివ్వవు. అందుకే నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా అని చూడడం మేలు. ఛాతీలో నొప్పి, తల తిరగడం, గుండె దడ, మామూలు కంటే ఆయాసం వస్తే ఆగిపోవాలి, హాస్పిటల్‌కు చెప్పాలి. ఛాతీ ఎముకలో టక్కుమనే చప్పుడు, గాయం నుంచి చీము, జ్వరం, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరగడం, వీటికీ ఆలస్యం చేయకూడదు. మిగతా రోజుల్లో కాసింత అలసట, కాలు లాగడం, ఛాతీ మీది కోత దగ్గర పట్టేసినట్టుండడం మామూలే. వాటిని చూసి మళ్ళీ మంచం ఎక్కించవద్దు.

తీమార్‌దారీ మానమని నేను చెప్పడం లేదు, దాని రూపం మార్చమంటున్నాను. నీళ్ళ గ్లాసు మంచం దగ్గరికి తెచ్చే చేయి, అదే గ్లాసును ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టి, లేచి వచ్చి తాగేదాకా పక్కన నిలబడొచ్చు. బోస్టన్ వార్డులో ఒక కుర్రాడు ఎగతాళి సెల్యూట్ల మధ్య చేసింది కూడా అంతకు మించి ఏమీ కాదు. మంచం పక్కన ఒక కుర్చీ వేశాడు.